‘స్టే ట్యూన్డ్’ అంటే ఉద్యోగం వచ్చినట్టా, రానట్టా?

కాంటా గుమస్తా, మిర్యాలగూడ

అందరికీ నమస్తే. నా ఇంగ్లీషు పదో తరగతిలో 36 మార్కులతో గట్టెక్కిన ఇంగ్లీషు. తప్పుగా అడిగితే నవ్వుకోండి గానీ జవాబు మాత్రం చెప్పండి.

మా బిడ్డ బీకాం అయిపోయింది. హైదరాబాదులో ఒక కంపెనీ ఇంటర్వ్యూకు పిలిస్తే పోయినవారం తీసుకుపోయాను. మూడు గంటలు కింద టీ కొట్టు దగ్గర నిలబడ్డాను, నాలుగు టీలు తాగాను. దిగి వచ్చి ‘మంచిగనే అయింది బాపూ’ అంది. నాలుగో రోజు మెయిల్ వచ్చింది. మొత్తం మూడు లైన్లు. వచ్చినందుకు థాంక్స్ అని ఒకటి, మీతో మాట్లాడటం సంతోషం అని ఒకటి, ఆఖరున ‘స్టే ట్యూన్డ్ ఫర్ ద నెక్స్ట్ స్టెప్స్’. అంతే.

ఆ ఆఖరి లైను మీద మా ఇంట్లో నాలుగు పార్టీలయ్యాయి. మా ఇంటామె ‘వచ్చినట్టే, లేకుంటే ఆగమని ఎందుకంటారు’ అంటుంది. కొడుకు ఇంటర్ చదువుతున్నాడు, ‘అది అందరికీ కొట్టే మెయిల్’ అని కొట్టిపారేశాడు. బిడ్డ ఏమీ అనదు, గంటకోసారి ఫోన్ చూసుకుంటుంది. మా అమ్మకు 70 దాటాయి. ఆమె అన్నది ఇది: ‘టీవీల ఆ పిల్ల అడ్వర్టైజ్‌మెంట్లకు ముందు అనే మాటే గదరా. అడ్వర్టైజ్‌మెంట్లు అయిపోయినంక మళ్ల వస్తది గద. వస్తది, ఊకో.’

నాకు తొందర ఎందుకంటే, ఇక్కడే ఒక ప్రైవేటు బడిలో లెక్కలు రాసే పనికి బిడ్డను పిలిచారు. నెలకు 12 వేలు. సోమవారం లోపల ఏ సంగతో చెప్పమన్నారు.

నేను 22 ఏళ్లుగా రైస్ మిల్లులో కాంటా మీద కూర్చుంటున్నాను. వడ్ల ట్రాక్టరు ఎక్కితే నిండు బరువు రాస్తాను, దింపి వచ్చాక ఖాళీ బరువు రాస్తాను, మిగిలింది వడ్లు. తేమ మిషన్లో పిడికెడు గింజలు పోస్తే అంకె పడుతుంది. 17 శాతం దాటిందంటే దాటింది. దాని మీద రైతుకు మాకు గొడవ కావచ్చు గానీ, అర్థం కాకపోవడమంటూ ఉండదు. ఈ మాటను మాత్రం ఏ కాంటా మీద పెట్టాలో తెలుస్తలేదు. ఇంగ్లీషువాళ్లు దీన్ని మామూలు మాటల్లో ఎట్లా వాడతారు? తెలిసినవాళ్లు చెప్పండి.

అచ్చంపేట బస్సు

అన్నా, స్టే ట్యూన్ అంటే సీరియల్లో ‘తరువాయి భాగం రేపు’ అన్నట్టే. రేపు పెట్టి చూస్తే అదే అత్త అవే మెట్లు దిగుతూ ఉంటుంది.

టీచరమ్మ, పాలమూరు

కాంటా అన్నగారికి నమస్తే. నేను హైస్కూల్లో ఇంగ్లీషు చెప్తాను. ముందుగా పైన రాసిన బస్సు తమ్ముడికి ఒక ఎర్ర సిరా గీత. ‘స్టే ట్యూన్’ కాదు, చివర ‘డ్’ ఉండాలి. బస్సులో ‘స్టే సీటెడ్’ అంటే కూర్చున్నవాళ్లు లేవకుండా అట్లాగే ఉండమని. ఇదీ అంతే. ‘ఈ స్టేషన్ పెట్టుకునే ఉన్నావు, తిప్పేయకు’ అని. ఆ ‘డ్’ తీసేస్తే ‘ఉండు, శ్రుతి చెయ్యి’ అన్నట్టు రెండు ముక్కలవుతుంది. మా పిల్లల వాట్సాప్ స్టేటస్‌లలో సగానికి సగం ఆ ‘డ్’ లేకుండానే ఉంటాయి.

వెనక ‘టు’ వస్తే ఛానెల్ పేరు రావాలి, ‘ఫర్’ వస్తే రాబోయే సంగతి రావాలి. మీ మెయిల్లో ‘ఫర్ ద నెక్స్ట్ స్టెప్స్’ అన్నారు కాబట్టి వ్యాకరణం సరిగ్గానే ఉంది. భావం దగ్గరికి వస్తేనే చిక్కు.

టీవీలో ఆ అమ్మాయి అన్నప్పుడు వెనక ప్రోగ్రాం సిద్ధంగా ఉంటుంది, అందుకే మీ అమ్మగారి నమ్మకం టీవీ వరకు నూటికి నూరు పాళ్లు కరెక్టు. మామూలు ఇంగ్లీషులోకి వచ్చేసరికి ఆ పూచీ పోయింది. ‘ఇంకా చెప్పాల్సింది ఉంది, అప్పుడు చెప్తాం’ అన్నంతవరకే మిగిలింది. ఏం చెప్తారన్నది అందులో లేదు, ఎప్పుడన్నది అసలే లేదు. కొత్త ఫోన్ అమ్మే కంపెనీ అంటుంది, యూట్యూబ్ వంటలామె అంటుంది, స్నేహితులూ అనుకుంటారు. మా చుట్టాలబ్బాయి ఒకడు ‘బిగ్ అనౌన్స్‌మెంట్, స్టే ట్యూన్డ్’ అని స్టేటస్ పెడితే పెళ్లి కుదిరిందేమోనని మా చిన్నమ్మ ముగ్గురికి ఫోన్లు చేసింది. మూడో రోజు సెకండ్ హ్యాండ్ బండి ఫొటో పెట్టాడు.

ఎక్కడ వాడకూడదో కూడా చెప్తా. తొమ్మిదో తరగతి పిల్లవాడొకడు నాకు సెలవు చీటీ రాశాడు: ‘ఐ యామ్ సఫరింగ్ ఫ్రమ్ ఫీవర్. స్టే ట్యూన్డ్.’ నేను స్టాఫ్ రూములో నవ్వలేక చచ్చాను. తప్పు ఎక్కడుందంటే, ఇది చెప్పేవాడు పైన, వినేవాళ్లు కింద ఉన్న మాట. స్టేజీ మీది నుంచి జనానికి అనేది. పెద్దవాళ్లకు, అర్జీ పెట్టుకునేవాళ్లకు, జ్వరం వచ్చిన పిల్లలకు నప్పదు.

బ్రిటన్‌లో ఇదే పనికి ‘వాచ్ దిస్ స్పేస్’ అని ఇంకో మాట ఉంది. ఈ జాగా చూస్తూ ఉండండి అని. అది పేపర్లో ప్రకటన కోసం జాగా ఖాళీగా ఉంచే అలవాటు నుంచి వచ్చింది. మన ఊళ్లలో ఎలక్షన్ల ముందు గోడకు సున్నం కొట్టి పార్టీ పేరు రాసి ‘రిజర్వ్‌డ్’ అని పెడతారు చూడండి, దాదాపు అదే. గోడ పట్టుకున్నారు, మీద ఏం రాస్తారో ఇంకా తెలియదు.

తెలుగులో మనం ఇట్లాంటి చోట ‘ఆగు, చెప్తా’ అంటాం. వెక్కిరింపుగా అయితే ‘ముందుంది ముసళ్ల పండుగ’. ఇంగ్లీషువాళ్లు స్టే ట్యూన్డ్‌ను ఆ వెక్కిరింపు గొంతుతో కూడా అంటారు. ‘మా బాస్ కొత్త రూలు పెట్టాడు, ఇంకా ఉన్నాయి, స్టే ట్యూన్డ్’ అని. మీ మెయిల్లో ఆ గొంతు లేదు, భయపడకండి.

రేడియో మెకానిక్, నల్లగొండ

తమ్మీ, నేను గడియారం సెంటరు దగ్గర 30 ఏళ్లకు పైగా రేడియోలు, టీవీలు బాగుచేశాను. దుకాణం మూసి ఆరేళ్లయింది. ట్యూనింగ్ అనే మాటను తేలిగ్గా వాడితే నాకు కొంచెం మండుతుంది, అందుకే రాస్తున్నా.

ఇది టీవీవాళ్ల సొంత మాట కాదు. రేడియో దగ్గర తెచ్చుకున్నారు. రేడియోకు సంగీతం నుంచి వచ్చింది. వీణ తీగ బిగించి శ్రుతి కలుపుతారు చూడు, అదీ ట్యూన్ చేయడమంటే. గాలిలో ఎన్నో స్టేషన్లు ఒకేసారి తిరుగుతుంటాయి. మన సెట్టును వాటిల్లో ఒక్కదానికి శ్రుతి కలపాలి.

పాత సెట్టు వెనక అట్ట విప్పితే స్టేషన్ పట్టే గ్యాంగ్ కండెన్సర్ కనబడుతుంది. సగం చందమామ ఆకారంలో అల్యూమినియం రేకులు, రెండు గుంపులు. ఒక గుంపు కదలదు. నాబ్ తిప్పితే రెండో గుంపు దాని సందుల్లోకి దూరుతుంది, ఎక్కడా తగలకుండా. తగిలిందా, బరబరమని చప్పుడు. రేకులు పూర్తిగా లోపలికి పోతే డయల్ మీద ముల్లు తక్కువ కిలోహెర్ట్జ్ చివరికి చేరుతుంది, బయటికి వస్తుంటే ఎక్కువ వైపు నడుస్తుంది. 738 దగ్గర హైదరాబాద్ ‘ఎ’ స్టేషన్. నాబుకూ ముల్లుకూ నడుమ చిన్న చిన్న కప్పీల మీదుగా ఒక సన్న దారం ఉంటుంది. దారం వదులైతే నాబ్ గిరగిర తిరుగుతుంది, ముల్లు మాత్రం ఉన్నచోటనే ఉంటుంది. ‘స్టేషన్ దొరకట్లేదు’ అని వచ్చిన సెట్లలో ఎన్నో ఈ దారం కేసులే. ఐదు నిమిషాల పని, ఆ ఐదు నిమిషాలకు దారం చుట్టే పద్ధతి తెలిసి ఉండాలి. ఒక చుట్టు అటుదిటు అయితే ముల్లు ఎదురు నడుస్తుంది.

మీడియం వేవ్‌లో హైదరాబాద్ ఒకసారి పెడితే కుదురుగా ఉండేది. శ్రీలంక నుంచి వచ్చే సిలోన్ రేడియో అట్లా కాదు. అది షార్ట్ వేవ్. అక్కడి అనౌన్సర్ మీనాక్షి పొన్నుదురై తెలుగులో మాట్లాడుతుంటే మా గల్లీ అంతా చెవులు ఇటే. మధ్యలో గొంతు నీళ్లలో మునిగినట్టు పోయేది, మళ్లీ తేలేది. దానికి తోడు వాల్వ్ సెట్టు వేడెక్కేకొద్దీ స్టేషన్ పక్కకు జారేది. మా నాయిన సెట్టుకు చెవి ఆనించి, నాబ్ మీద రెండు వేళ్లు పెట్టి కూర్చునేవాడు. వెంట్రుకవాసి ఇటు, వెంట్రుకవాసి అటు. మా అమ్మ అన్నం పెట్టి పిలిస్తే చేత్తో ఆగమని సైగ. మాట్లాడితే పాట పోతుందన్నట్టు. అదీ తమ్మీ ట్యూన్డ్‌గా ఉండటమంటే. కష్టమంతా వినేవాడిది.

టీవీలు వచ్చిన కొత్తలో కూడా అంతే. ఒకడు మిద్దె మీద యాంటెన్నా తిప్పుతాడు, ఒకడు కిటికీ దగ్గర, ఒకడు టీవీ ముందర. ‘వచ్చిందా?’ ‘రాలే.’ ‘ఇప్పుడు?’ ‘ఆఁ ఆఁ, పోయింది!’ అంత తంటాలు పడి పెట్టుకున్నాక దూరదర్శన్‌వాడు ‘అంతరాయానికి చింతిస్తున్నాము’ అని బోర్డు పెట్టేవాడు. ఆ బోర్డు కూడా కళ్లార్పకుండా చూసేవాళ్లం.

ఇప్పుడు రిమోట్ మీద నంబర్ నొక్కితే ఛానెల్ వచ్చి అతుక్కుంటుంది. తిప్పే పనీ లేదు, జారే భయమూ లేదు. నాబ్ పోయింది, మాట మిగిలింది. ఫోనుకు డయల్ లేకపోయినా డయల్ చెయ్యమంటాం, అట్లా.

ఇదంతా నీకు ఎందుకు చెప్తున్నానంటే, అవతల స్టేషన్ బంద్ అయితే ఎంత మంచి సెట్టయినా గరగర తప్ప ఏమీ వినిపించదు. మీ బిడ్డ గంటకోసారి ఫోన్ చూసుకుంటుందన్నావు. రెండు వేళ్లు నాబ్ మీద పెట్టుకుని కూర్చున్నట్టే కదా అది. అసలు స్టేషన్ నడుస్తుందా లేదా ఒక్కసారి అడిగించు.

దేవరకొండ పోరడు

కాకా, నేను గచ్చిబౌలిలో ఒక కంపెనీ హెచ్‌ఆర్‌లో, అంటే మనుషుల్ని పనిలోకి తీసుకునే విభాగంలో ఉన్నా. మేము ఈ మాట ఎప్పుడు వాడతామో దాచకుండా చెప్తా.

తీసుకున్నవాళ్లకు ఆఫర్ లెటర్ పోతుంది. వద్దనుకున్నవాళ్లకు ‘రిగ్రెట్’ అనే మాట ఉన్న మెయిల్ పోతుంది, కొన్నిచోట్ల అది కూడా పోదు. నడుమ కొందరు ఉంటారు. బాగానే చెప్పారు, కానీ వాళ్లకంటే ముందు వరసలో ఇంకొకరు ఉన్నారు. ఆ ముందు మనిషి జీతం ఒప్పుకుని చేరేదాకా వీళ్లను వదులుకోలేరు, అట్లాగని మాట ఇవ్వలేరు. లేదా పైన మేనేజర్ ఊళ్లో లేడు, సంతకం కాలేదు. అప్పుడు స్టే ట్యూన్డ్, ‘విల్ గెట్ బ్యాక్ టు యూ’ లాంటివి పోతాయి. కాబట్టి మీ ఇంట్లో నాలుగు పార్టీలూ తలా కొంచెం కరెక్టే.

మెయిల్ మీద ‘డియర్ క్యాండిడేట్’ అని ఉందా, చెల్లె పేరు ఉందా చూడండి. పేరుతో ఉండి, ఇంటర్వ్యూలో మాట్లాడిన సంగతి ఏదన్నా అందులో ఉంటే ఒక మనిషి కూర్చుని రాసినట్టు. పైసలు కట్టమని గనక అడిగితే అది ఉద్యోగమే కాదు, అక్కడితో ఆపేయండి.

రెండో సంగతి, ఊరికే ఎదురుచూడొద్దు. తిరిగి రాయడం తప్పు కాదు. చేతిలో ఇంకో పని ఉందని చెప్పడం బెదిరింపు కాదు, మాకు అది పనికొచ్చే సమాచారం. ఇట్లా రాయమనండి: ‘కుడ్ యూ ప్లీజ్ లెట్ మీ నో బై వెన్ ఐ కెన్ ఎక్స్‌పెక్ట్ టు హియర్ ఫ్రమ్ యూ? ఐ హ్యావ్ అనదర్ ఆఫర్ టు రెస్పాండ్ టు బై మండే.’ ముందు ఒక థాంక్స్, కింద పేరు, ఫోన్ నంబర్. ఇంతకంటే ఒక్క లైను ఎక్కువ వద్దు.

కాంటా గుమస్తా, మిర్యాలగూడ

అందరికీ దండాలు. మెయిల్ మీద బిడ్డ పేరే ఉంది. ‘టాలీ (లెక్కలు రాసే సాఫ్ట్‌వేర్) గురించి మీరు చెప్పింది బాగుంది’ అని కూడా ఉంది, అది నేను పైన రాయడం మరిచిపోయాను. రాత్రి అందరం కూర్చుని చదివాం. రేడియో పెద్దాయన రాసింది మా అమ్మకు వినిపిస్తే, సిలోన్ అనగానే వేరే లోకానికి పోయింది, అసలు సంగతి పక్కకు పోయింది.

టీచరమ్మా, ఒక్క డౌటు. వాళ్లు స్టే ట్యూన్డ్ అన్నారు కదా, మనం జవాబులో ‘ఐ విల్ స్టే ట్యూన్డ్’ అని పెడితే మర్యాదగా ఉంటుందా? మావాడు పెట్టమంటున్నాడు.

టీచరమ్మ, పాలమూరు

దోస్తులకైతే పెట్టవచ్చన్నా, సరదాగా ఉంటుంది. కంపెనీకి వద్దు. అక్కడ ‘ఐ లుక్ ఫార్వర్డ్ టు హియరింగ్ ఫ్రమ్ యూ’ అంటే సరిపోతుంది. ‘హియర్’ కాదు, ‘హియరింగ్’. ఇందులోనే చాలామంది జారిపడతారు.

పనిలో పనిగా, ‘ట్యూన్ అవుట్’ అనేది దీనికి ఎదురు మాట. ఎదుటివాళ్లు చెప్తుంటే మనసు అక్కడ లేకపోవడం, ఈ చెవిన విని ఆ చెవిన వదిలేయడం. మధ్యాహ్నం అన్నం తిన్నాక నా క్లాసులో జరిగేది.

అచ్చంపేట బస్సు

‘డ్’ పెట్టుకున్నా మేడం. స్టే ట్యూన్డ్.

కాంటా గుమస్తా, మిర్యాలగూడ

ఏమైందో చెప్పడం న్యాయం కదా. దేవరకొండ తమ్ముడు చెప్పిన రెండు లైన్లు శుక్రవారం రాత్రి పంపింది. శనివారం మధ్యాహ్నానికే జవాబు వచ్చింది. రెండో రౌండు ఉందట, బుధవారం పదకొండు గంటలకు, ఆన్‌లైన్లో. ఆ తర్వాత రెండు రోజుల్లో ఏ సంగతో చెప్తామన్నారు. ఈసారి తారీఖు ఉంది, టైము ఉంది, మాట్లాడే ఆమె పేరు ఉంది. సోమవారం పొద్దున బడికి నేనే పోయి, వారం రోజులు గడువు ఇమ్మని అడిగాను. శుక్రవారం దాకా చూస్తామన్నారు. వాళ్ల అవసరం వాళ్లది.

ఇంకో ముచ్చట. నిన్న మిల్లు దగ్గర ఒక రైతు వడ్ల పైసలు ఎప్పుడిస్తారని అడిగితే, మా సేటు కొడుకు ఫోన్ చూసుకుంటూ ‘స్టే ట్యూన్డ్ అన్నా’ అని నవ్వుతూ లోపలికి పోయాడు. రైతు నా దిక్కు తిరిగి ‘ఏమంటుండు సారూ?’ అన్నాడు. పోయినవారమైతే నేనూ తెల్లమొహం వేసేవాణ్ణి. ‘తారీఖు చెప్తలేడు’ అన్నాను. ఆయన కాంటా పక్కన బెంచీ మీద తువ్వాల పరుచుకుని కూర్చున్నాడు, సేటు కొడుకు బయటికి వచ్చేదాకా లేవలేదు. శనివారం ఇస్తామని చీటీ మీద రాయించుకునే పోయాడు.

బుధవారం ఇంట్లో కరెంటు ఉంటుందో ఉండదోనని బిడ్డకు టెన్షన్. మిల్లు ఆఫీసులో ఇన్వర్టర్ ఉంది, సేటును అడిగి ఒక గంట అక్కడ కూర్చోబెడదామనుకుంటున్నా. మిషన్ల చప్పుడు ఒక్కటే చిక్కు. రేడియో పెద్దాయనా, చుట్టూ మోతలో గొంతు మాత్రం శుభ్రంగా పోయే ఇయర్‌ఫోన్ తక్కువలో ఏదన్నా ఉంటే చెప్పండి.

రేడియో మెకానిక్, నల్లగొండ

ఏ ఇయర్‌ఫోన్ పెట్టినా మిల్లు మోత మిల్లు మోతే తమ్మీ. కొనకు. ఆ గంట ఇన్వర్టర్ ఉన్న ఏ చుట్టాలింట్లోనో కూర్చోబెట్టు. తలుపేసి, ఫ్యాన్ ఆపి, వైరున్న ఇయర్‌ఫోన్ పెట్టుకోమను. మైకు చున్నీకి రాసుకోకుండా చూసుకోవాలె.